నాలుగు మూలల పసుపు

కుళాయి మూతికి గుడ్డ కట్టి, కింద ఇత్తడి బిందె పెట్టాను. నీళ్లు దారంలాగా సన్నగా పడుతున్నాయి. ఎర్రగుంట్లలో మా వీధికి రోజు మార్చి రోజు నీళ్లొస్తాయి. వచ్చిన పూట వదులుకుంటే ఎల్లుండి దాకా ఎవరింటికో చెంబు పట్టుకుని పోవాలి. అందుకే లాప్‌టాప్ మీది గీతను చూస్తూ ఉండమని చెప్పి మా ఆయన లోపల గోడకు తల ఆనించి నిద్రపోయినా, నేను కుళాయి దగ్గరే నిలబడి కిటికీలోంచి చూస్తున్నాను. లోపల చెక్కపెట్టె మీద లాప్‌టాప్. నీలం తెర. తెర మధ్యలో పచ్చటి గీత ఒకటి, చీమ నడిచినట్టు కుడివైపుకు జరుగుతోంది.

ఇంతవరకు జరిగినదాన్ని క్లుప్తంగా చెబుతాను. ఆయన, అంటే నా భర్త వాసుదేవ్, మా మామ కేశవయ్యగారి అంగట్లో కూర్చోనని చెప్పేశాడు. లారీల మీద కప్పే పట్టలు, కట్టే తాళ్లు అమ్మే అంగడి అది. అందులో కూర్చోకుండా ఆయన లారీ ఆఫీసుల కోసం కంప్యూటర్లో ఒక ప్రోగ్రామ్ రాశాడు. ఏ లారీ ఎక్కడ నింపుకుంది, ఎక్కడ దించింది, ఎప్పుడు తిరిగొచ్చింది అన్నీ అందులో కనబడతాయి. సోమవారం పొద్దున దాన్ని లారీ యజమానుల సంఘం వాళ్లకు చూపించాలి. వాళ్లు ఒప్పుకుంటే ఆయన బతుకు ఆయనకు దొరికినట్టు. లేకపోతే తాళ్ల అంగడే. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు. ఇంతలో బెంగళూరులో ఒకరు వాడి అమ్మేసిన ఈ లాప్‌టాప్‌కు వైరస్ పట్టింది. విండోస్ మళ్లీ ఎక్కిస్తే బాగవుతుందని, కడపలో కంప్యూటర్లు బాగుచేసే స్నేహితుడు శ్రీకాంత్ బస్సులో ఒక సీడీ పంపాడు. ఎక్కించడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ గీత ఒకేచోటికి వచ్చి ఆగిపోతోంది. ఫలానా ఫైలు కాపీ కావడం లేదని తెల్లటి అక్షరాలు వస్తాయి. మళ్లీ మొదలు. మళ్లీ అక్కడే. నిన్న సాయంత్రం ఆయన, ఇంక ఒకటే దారి ఉండాదని గొణుక్కుంటూ ఏవో మీటలు నొక్కాడు. ఈ కథ పోయినవారం భాగం అక్కడితో ఆగింది.

బిందె నిండింది. దాన్ని పక్కకు జరిపి డేక్సా పెట్టి కిటికీ వైపు తిరిగేసరికి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చి ఉన్నాయి. పచ్చగీత ఎప్పుడూ ఆగే చోటే ఆగి ఉంది.

లోపలికి వెళ్లి ఆయన భుజం తట్టాను. కళ్లు తెరిచాడు. నా ముఖం చూసే తెలిసిపోయినట్టుంది, తెర వైపు చూడనుకూడా చూడలేదు. పక్కనున్న మీట నొక్కి సీడీని బయటికి తీసి చెక్కపెట్టె మీద పెట్టాడు. ముఖం కడుక్కొని వస్తానని పెరట్లోకి పోయాడు. నడకలో కాళ్లు ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. మూడు పదులు నిండని మనిషి అట్లా నడవకూడదు.

నేను చదివింది కమలాపురం పక్క పల్లెలో. మా బడిలో కంప్యూటర్ లేదు. అందుకని ఈ పని జరుగుతున్నన్నాళ్లూ నేను ఏదీ ముట్టుకోలేదు, చూస్తూ ఉండటమే. కానీ ఆ పొద్దున, ఎందుకో తెలియదు, సీడీని అంచులు పట్టుకుని ఎత్తి కిటికీ దగ్గరికి తీసుకుపోయాను. పైన శ్రీకాంత్ స్కెచ్ పెన్నుతో రాసిన రాత ఉంది. తిప్పి చూశాను. ఎండ ఏటవాలుగా పడుతోంది. మెరిసే వైపున పల్చగా, చెరిపేసిన మరకలాగా పసుపుపచ్చ కనబడింది. ఒకచోట కాదు. నాలుగు దిక్కులా. మధ్యలో ఎర్రటి పొడి రవ్వంత అంటుకుని ఉంది. వాసన చూశాను. పచ్చకర్పూరం కలిపిన పసుపు.

వంటింట్లో మా అత్త సుందరలక్ష్మి పొయ్యి దగ్గర ఉంది. దగ్గరికి పోయి చూపించాను. ఆమె చేతులు తుడుచుకుని, కళ్లజోడు సర్దుకుని, దాన్ని పూరీని తిప్పినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. ముందు నవ్వు వచ్చింది ఆమెకు.

"ఇది మీ మామ పనే," అంది. "అంగట్లోకి త్రాసొచ్చినా, కొత్త పుస్తకమొచ్చినా నాలుగు మూలలా పసుపు పెట్టందే ముట్టుకోడు. దీనికి మూలలు యాడుండాయి? అందుకని ఇట్ల పెట్టినట్టుండాడు."

రాత ఉన్న వైపు పెట్టినా సరిపోయేది కదత్తా అన్నాను.

"రాసిన పక్క ఎవరు పెడతారే? రాసినాక అయిపోయినట్టు గదా. పసుపు పెట్టేది ఖాళీ పక్కకే. కొత్తగా మొదలుపెట్టేది ఆడినుంచే."

బస్సు డ్రైవరు దగ్గర్నుంచి సీడీ ఉన్న కవరు తెచ్చింది మామేనని అప్పుడు గుర్తొచ్చింది. తెచ్చి నా చేతికివ్వకుండా దేవుని గూట్లో పెట్టి, సాయంత్రం దీపం పెట్టాక తీసిచ్చాడు. పసుపు పెట్టి ఉంటాడు. ఆ తర్వాత, కొడుకు చూస్తే ఏమంటాడోనని తన పైగుడ్డతో తుడిచేసి ఉంటాడు. తుడిచినా పోని పసుపు పొరలాగా ఎండిపోయింది. ఆ గుడ్డ గరుకుకు సన్నటి గీతలు కూడా పడ్డాయి.

అత్త ముఖంలో నవ్వు మెల్లగా తగ్గిపోయింది. దీనివల్లనేనా ఆగిపోతాండేదని అడిగింది. అయ్యుండొచ్చు అన్నాను. ఆమె చింతపండు డబ్బా వైపు చెయ్యి చాపింది. చింతపండు పెట్టి తోమితే ఇత్తడి దీపం లాగా అవుతుందంది. వద్దని సీడీని వెనక్కి తీసుకుని, తడిపిన దూదితో మెల్లగా తుడిచాను. అత్త నా పక్కనే నిలబడి గొంతు తగ్గించి, వాసుకు మాత్రం చెప్పొద్దంది. సీడీయే చెడిపోయిందని చెప్పు, ఇంకోటి తెప్పించుకుంటాడులే అంది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. పోయిన ఎండాకాలం అంగట్లో, నలుగురు లారీ డ్రైవర్ల ముందు, తాళ్లు కొలుస్తా నీమాదిరి ముసలోణ్ణి కాలేనని ఆయన వాళ్ల నాయనతో అన్నాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏదైనా ఉంటే నాతో చెబుతారు, నేను రెండోవాళ్లకు చెప్పాలి. మామ, వాసు తిన్నాడా అని అడగడు. అన్నం సరిపోయిందామ్మా అని అడుగుతాడు. ఆయనేమో, నాయనకు జ్వరం తగ్గిందా అని అడగడు. వసారాలో ఫ్యాను ఎందుకు ఆపినారు అంటాడు. ఈ మాటలు అటూ ఇటూ మోస్తూ నేను దారిలో వాటిని కొంచెం కత్తిరించేదాన్ని. వానికి బుద్ధి లేదని మామ అంటే, బాగా ఆలోచించుకోమన్నాడని చెప్పేదాన్ని. ఏడాదిగా కత్తిరించి కత్తిరించి అలసిపోయాను. కత్తిరించాల్సిన పని లేకుండా మామ దగ్గర్నుంచి ఆయనకు ఏదైనా వచ్చిందంటే, అది ఈ పసుపే. అది కూడా దాచమంటోంది అత్త.

ఆయన తలకు నీళ్లు పోసుకుని వచ్చాడు. వచ్చీ రాగానే శ్రీకాంత్‌కు ఫోన్ చేశాడు. ఆ ఫోన్‌లో చెవి దగ్గర పెట్టుకుంటే ఏమీ వినబడదు, పైకి వినబడేటట్టు పెట్టాల్సిందే. అందుకని శ్రీకాంత్ మాట్లాడేదంతా ఇల్లంతా వినబడుతుంది. వసారాలో మంచం మీద మామ పేపరు పట్టుకుని కూర్చున్నాడు. పేజీ తిప్పిన చప్పుడు లేదు.

ఆయన మొదలుపెట్టడమే కోపంతో మొదలుపెట్టాడు. పనికిరాని సీడీ పంపినావని, రేపు నేను వాళ్ల ముందు ఏం చూపించాలని, ఎప్పుడూ ఆయన నోట వినని మాటలన్నాడు. ఇదే సీడీతో పోయినవారం రెండు మిషన్లు బాగుచేసినా అప్పా అని శ్రీకాంత్ అంటున్నా వినడం లేదు. అవతలి మనిషి తప్పు ఏమీ లేదని నాకు తెలుసు. చేతిలో తడి దూది ఇంకా ఉంది. అత్త వంటింటి గడపలో నుంచి నన్నే చూస్తోంది.

"సీడీ మంచిదే," అన్నాను. "దాని మీద పసుపు ఉండింది. ఇప్పుడే తుడిచినా."

ఆయన నా వైపు తిరిగాడు. ఫోన్‌లోంచి శ్రీకాంత్ నవ్వు వినిపించింది. "పసుపా? దానికి గూడా పేరంటం చేసినారా వాసూ? గాజులు తొడిగినారా లేదా?" అని నవ్వాడు. వాడు చెడ్డవాడు కాదు, పొద్దున్నే తిట్లు తిన్నవాడు. కానీ ఆ నవ్వు వసారా దాకా పోయింది.

ఎవరు పెట్టినారని ఆయన అడిగాడు. నేనే పెట్టినాలేరా, మొన్న శుక్రవారం గదా అని అత్త తొందరగా అంది. ఆమె మాట పూర్తి కాకముందే మంచం కిర్రుమంది. మామ లేచి గుమ్మం దగ్గరికి వచ్చాడు. కొడుకు వైపు చూడలేదు, నా వైపు చూశాడు.

"ఆమె కాదమ్మా. నేను పెట్టినా," అన్నాడు.

శ్రీకాంత్‌కు కూడా అర్థమైనట్టుంది, నవ్వు ఆపేశాడు. పెద్దాయన్ను ఏమనొద్దప్పా, తుడిచినారు గదా, మళ్లా పెట్టి చూడు అన్నాడు. "నీ పనంతా డీ డ్రైవులో గదా ఉండేది. విండోస్ ఎక్కేది సీ లోకి. రెండు గదుల ఇల్లు మాదిరి అనుకో, ముందు గదికి సున్నం కొడితే లోపలి గది సామాన్లు కదలవు."

మా ఆయన గదిలోని మంచం పట్టె మీద కూర్చున్నాడు. తల మీది నీళ్లు మెడ మీదికి కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"లోపలి గది లేదు," అన్నాడు. "లాప్‌టాప్‌లో డిస్కే చెడిపోయిందనుకున్న్యా. నిన్న మధ్యలో గోడ తీసి అన్నీ కలిపేసినా."

నిన్న సాయంత్రం ఆయన నొక్కిన మీటలు ఏమిటో అప్పుడు తెలిసింది నాకు.

ఇంకోచోట యాడన్నా దాచిపెట్టినావా అని శ్రీకాంత్ అడిగాడు. లేదన్నాడు ఆయన. దాచిపెట్టుకోవాలని రోజూ అనుకుంటూనే ఉన్నానన్నాడు. అప్పుడు శ్రీకాంత్ గొంతు మారింది. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. గోడ తీసేసినంత మాత్రాన సామాను పోదు. అది అక్కడే ఉంటుంది, కనబడదు అంతే. కానీ ఇప్పుడు పైన ఏది పోసినా దాని మీదే పడుతుంది. పోసేకొద్దీ కిందది పోతుంది. "ఇంక దాంట్లోకి ఏమీ ఎక్కించొద్దు. ఎట్లుండేది అట్లనే తీసకరా. మా పక్కంగట్లో ఒకాయనుండాడు, ఇట్లాటివి తీస్తాడు. వస్తాదని చెప్పలేను. రాదనీ చెప్పలేను." ఇంకేదో అంటుండగా లైను తెగిపోయింది.

ఫోన్‌ను చెక్కపెట్టె మీద పెట్టి ఆయన వాళ్ల నాయన వైపు తిరిగాడు. ఏడాది తర్వాత మొదటిసారి నేరుగా మాట్లాడాడు.

"నీకు నా పని ఇష్టం లేదు. ఊరంతా తెలుసు ఆ సంగతి. అట్లాంటప్పుడు పసుపెందుకు పెట్టినావు?"

మామ పైగుడ్డ కొనను వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. "చెడగొట్టాలని కాదని చెప్పమ్మా," అన్నాడు నాతో.

"ఆమెకు చెప్పొద్దు. నాకు చెప్పు."

మామ పైగుడ్డ కొనకు ఇంకో చుట్టు వేశాడు. నేను వచ్చినప్పటినుంచీ చూస్తున్నాను, ఆ మనిషి లారీ డ్రైవర్లతో గంటలకొద్దీ మాట్లాడతాడు, తాడు నాణ్యం గురించి చెప్పమంటే కథలాగా చెబుతాడు. కొడుకు ముందు నిలబడితే ఒక్క మాటా బయటికి రాదు. నేను మామ బదులు చెప్పి ఉండొచ్చు. అలవాటే కదా. కానీ ఈ ఒక్కటి మామ నోటితోనే వస్తే బాగుండునని ఆగాను. ఆగి ఉండాల్సింది కాదేమో.

"చూడు, చెప్పలేవు," అన్నాడు మా ఆయన. గొంతులో కోపం కూడా లేదు, అలుపే ఉంది. "ఎండాకాలమంతా నిద్ర లేకుండా రాసినా నాయనా. పోయినేడు వానలు రాకముందు మొదలుపెడితే ఇప్పటికయింది. నువ్వొక్కసారన్నా వచ్చి ఏం చేస్తాండావురా అని అడిగినావా? అడిగింటే చూపించేవాణ్ణి. దాన్ని అటు తిప్పి ముట్టగూడదని గూడా చెప్పేవాణ్ణి. నాకు తెలీకుండా దొంగచాటుగా పూసినావు, దొంగచాటుగా తుడిచినావు. నన్ను తిట్టినప్పుడు మాత్రం డ్రైవర్లందరి ముందర తిడతావు."

అత్త కల్పించుకోబోయింది. ఆయన చేత్తోనే వద్దన్నాడు. లేచి, నేను తుడిచి పెట్టిన సీడీని తీసుకుని లాప్‌టాప్‌లో పెట్టాడు. శ్రీకాంత్ వద్దన్నాడు గదా అన్నాను. విననట్టే మీట నొక్కాడు.

"కడపకు మోసకపోయి, వాడు రాలేదంటే మళ్లా మోసకొచ్చి, అంత ఓపిక లేదు నాకు. పోయిందేదో పోయిందనుకుంటా. విండోస్ అన్నా ఎక్కనీ. దాన్ని అమ్మేసి రేపట్నుంచి అంగట్లో కూర్చుంటా. అదే గదా అందరికీ కావాల్సింది."

ఆ చివరి మాట అంటున్నప్పుడు మామ ముఖం చూశాను. గెలిచిన మనిషి ముఖం కాదది.

నీలం తెర వచ్చింది. ఆయన రెండు మూడు మీటలు నొక్కి, పక్కకు జరిగి గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి పచ్చగీత మొదలైంది. మేం ముగ్గురం దాన్నే చూస్తున్నాం. ఎప్పుడూ ఆగే చోటికి వచ్చింది. ఆగలేదు. అత్త పైకి చూసి దండం పెట్టుకుంది. పాపం, గీత జరగటమే మంచిదనుకుంది ఆమె. ఇన్నాళ్లూ మేమందరం కోరుకున్నది కూడా అదే. ఇప్పుడు అది జరిగేకొద్దీ కింద ఆయన ఏడాది పని కప్పుబడిపోతోంది. ఆపే మీట ఏదో తెలియదు. ఆయన భుజం పట్టుకుని కదిపాను. కళ్లు తెరవలేదు.

మామ గుమ్మం బయట నుంచే నన్ను పిలిచాడు. చాలా మెల్లగా, తప్పు చదువుతానేమోనని భయపడే పిల్లవాడిలాగా అడిగాడు.

"దాని మీద ఏమీ పోయగూడదన్న్యాడు గదమ్మా ఆ పిల్లోడు?"

అవును మామా అన్నాను.

"ఇప్పుడు పోస్తాండాదా?"

పోస్తాండాది అన్నాను.

మామ లోపలికి నడిచాడు. ఆ గదిలోకి మామ అడుగుపెట్టడం పోయిన ఎండాకాలం తర్వాత అదే మొదటిసారి. కొడుకు చాచిన కాళ్లను దాటుకుని, గోడ దగ్గర వంగి, ప్లగ్గును పట్టుకుని లాగేశాడు. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిన మిషను అది. తెర ఒక్కసారిగా నల్లబడింది.

మా ఆయన కళ్లు తెరిచాడు. ఏం చేస్తాండావు నాయనా అన్నాడు. మామ లాప్‌టాప్ మూత మూసి, వెనకనున్న వైరు ఊడదీసి, భుజం మీది గుడ్డ తీసి మంచం మీద పరిచాడు. దాన్ని మధ్యలో పెట్టి, ఒక్కో కొన మీదికి మడిచి, కొత్త తాడు చుట్టకు వేసినట్టు గట్టిగా ముడి వేశాడు. మా ఆయన లేచి ఎదురుగా నిలబడ్డాడు. చెయ్యి చాపాడు, కానీ ముడిని ముట్టుకోలేదు. వాళ్ల నాయన ఒంటి మీద గుడ్డ లేదు, ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఎప్పుడు చూశాడో కొడుకు వాటిని చివరిసారి. చాపిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

మామ మూటను రెండు చేతులతో గుండెకు ఆనించుకుని మమ్మల్ని దాటుకుని వసారాలోకి వచ్చాడు. కొక్కేనికి ఉన్న చొక్కా తీసి ఒక చేత్తోనే ఎట్లాగో తొడుక్కున్నాడు, గుండీలు పెట్టుకోలేదు. ఎక్కడికి, ఎండలో, టీ అన్నా తాగకుండా అని అత్త వెంటపడి అడుగుతూనే ఉంది. మామ మెట్లు దిగాడు.

నేను గేటు దాకా పరుగెత్తాను. ఛార్జరు గోడకే వేలాడుతోంది, అది లేకుండా ఆ మిషను వెలగదు. కడపలో శ్రీకాంత్ అంగడి ఏ వీధిలోనో మామకు తెలియదు, ఆయన దగ్గర ఫోన్ లేదు. మామా అని పిలిచాను. తాళ్ల అంగడికి పోవాలంటే వీధి చివర ఎడమకు తిరగాలి. మామ కుడికి తిరిగాడు. బస్టాండు దారి. కడప బస్సులు ఆగేది అక్కడే.